రెండడుగుల నాలుగంగుళాలు

ఒక తీగ ఇంటికి ఎంత దూరంలో ఉందో తెలుసుకోవడానికి పదహారు మెట్లు ఎక్కవలసిన మనిషి, ఎక్కకుండానే "సురక్షిత దూరం" అని ఏ కొలబద్దతో రాశాడు?

ఈ ప్రశ్నను నేను ఈ వేసవిలో నాలుగుసార్లు రాతపూర్వకంగా, రెండుసార్లు ముఖాముఖిగా అడిగాను. నేటి వరకు ఎవరూ జవాబు చెప్పలేదు. సిద్దిపేట, ఆ చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించినదాన్ని. జవాబు రాయని కాగితానికి సున్నా వేయడం నాకు కొత్త కాదు. ఆ సున్నాల్లో ఒకటి నాకే పడుతుందని మాత్రం ఉగాది నాటికి నాకు తెలియదు.

ఉగాదికి పది రోజుల ముందు మా గల్లీ రోడ్డును వెడల్పు చేశారు. ఆ పనిలో అవతలి పక్కన ఉండే కరెంటు స్తంభాన్ని పీకి మా ఇంటి మూలకు తెచ్చి నాటారు. పదకొండువేల వోల్టుల తీగలు మూడు. వాటిలో ఇవతలి తీగ మా డాబా పిట్టగోడ పక్కనుంచి పోసాగింది. డాబా మీద ఒక గది ఉంది. అందులో బాలమణి ఐదేళ్లుగా కిరాయికి ఉంటోంది. అప్పడాలు, వడియాలు చేసి పట్టణంలోని దుకాణాలకు వేస్తుంది. గది గోడకూ పిట్టగోడకూ మధ్య ఉన్నది ఐదడుగుల సందు. ఆమె పిండి ఆరబెట్టేదీ, దండెం కట్టుకున్నదీ, ఉదయం కూర్చుని పళ్లు తోముకునేదీ ఆ సందులోనే. బాలమణి భర్త మల్లయ్య నారాయణరావుపేటలో కల్లుకు తాళ్లు గీస్తాడు. ఎండాకాలం చెట్లను వదిలి రాలేడు కనుక వారానికొకసారి, ఆదివారం మధ్యాహ్నం, వస్తాడు.

స్తంభం మారిన తర్వాతి ఆదివారం మల్లయ్య డాబా ఎక్కి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసి ఆ తీగను చూశాడు. చాలాసేపు చూశాడు.

"టీచరమ్మా, గీ వైరు రెండు మూరలు గూడ లేదు" అన్నాడు.

"చూసి చెప్తే సరిపోదు మల్లయ్యా. కొలవాలి."

"కొల్వనీకె పోతె పానం పోతది. నేను చూసే చెప్తున్న. చెట్టెక్కెటోనికి దూరం తప్పిందనుకో, మనిషే తప్పుతడు."

"నిజమే కావచ్చు. కానీ మూరలు ఆఫీసులో నడవవు. రుజువు కావాలి."

బాలమణి అప్పడాల పీట మీదినుంచి తల ఎత్తకుండా నవ్వింది. "నీ కంటికి రుజువేంది? నువ్వేమన్న ఇంజినీరువా? టీచరమ్మను చూసుకోనీ."

నేను చూసుకున్నాను. ఎంత బాగా చూసుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

నా పూర్వ విద్యార్థులు ఈ సంవత్సరం నన్ను సన్మానించి ఒక కొత్త ఫోను బహూకరించారు. విద్యుత్ శాఖ ఫిర్యాదుల యాప్‌లో ఒకే ఒక ఫొటో జతపరచవచ్చునని ఉంది. ఒక్కటే అయినప్పుడు అందులో అన్నీ ఉండాలని నేను నిశ్చయించాను. పదో తరగతి పిల్లలకు ముప్పై ఒక్క సంవత్సరాలు చెప్పిన మాట అదే: పటంలో ఏ భాగమూ తప్పిపోకూడదు. బాలమణి గది గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. పిట్టగోడ పడితే స్తంభం పడలేదు. స్తంభం పడితే దండెం తెగిపోయింది. అప్పుడు తెర మీద ఉన్న సున్నా పాయింట్ ఐదు అనే చిన్న బొత్తాన్ని నొక్కాను. లోకమంతా వెనక్కు జరిగి చట్రంలో ఒదిగింది. పిట్టగోడ, దండెం, దాని మీద బాలమణి ఆకుపచ్చ చీర, స్తంభం, మూడు తీగలు, ఎదురింటి నీళ్ల ట్యాంకు, ఆ పైన ఆకాశం. ఏదీ తప్పిపోలేదు.

నాకు గర్వంగా కూడా అనిపించింది. దాచడం అనవసరం.

మూడో రోజున ఫోనుకు సందేశం వచ్చింది. "పరిశీలించడమైనది. తీగ భవనమునకు సురక్షిత దూరములో ఉన్నది. ఫిర్యాదు ముగించడమైనది."

ఎవరు పరిశీలించారు? మా మెట్లు ఎవరూ ఎక్కలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను, బాలమణి డాబా మీదే ఉంది, కింద గేటు చప్పుడు నాకు వినబడకుండా పిల్లి కూడా రాదు. మరునాడు ఉదయం పదిన్నరకు విద్యుత్ కార్యాలయానికి వెళ్లాను. అసిస్టెంట్ ఇంజినీరు కర్ణాకర్ ముప్పై ఐదేళ్ల మనిషి. బల్ల మీద రెండు ఫోన్లు, చేతిలో మూడోది. నన్ను చూసి లేచి కుర్చీ చూపించాడు. మర్యాదలో లోపం లేదు.

"మీరు మా ఇంటికి ఎప్పుడు వచ్చారు?" అని అడిగాను.

"రాలేదు మేడమ్. ఫోటో ఉన్నదిగదా."

"ఫొటో చూసి దూరం ఎట్లా నిర్ణయించారు?"

అతను ఫోను నా వైపు తిప్పి చేయి చాపి పట్టుకున్నాడు. "మీరే చూడున్రి. గిది మీ గోడ. గిది వైరు. ఏడున్నది? గాడ, ఎదురింటి ట్యాంకు మీదికెల్లి పోతున్నది. రోడ్డవతల ఉన్న వైరుకు మీరు గింత పరేషాన్ అయితె ఎట్ల?"

చూశాను. అతను చెప్పింది నిజమే. నా ఫొటోలో ఆ తీగ ఒక వెంట్రుక. ఎదురింటి ట్యాంకు పైనుంచి ఆకాశంలో ఎక్కడికో పోతున్న వెంట్రుక.

"ఇది ఇలా ఉండదు" అన్నాను. "వచ్చి చూడండి. పదహారు మెట్లు."

"మూడు మండలాలు మేడమ్, నేనొక్కన్ని. యాప్ల వచ్చినయి మూడు దినాలల్ల క్లోజ్ చేయకుంటె పైకెల్లి మెమో వస్తది. ఫోటో పెట్టినంక ఫీల్డుకు పోవుడు ఉండది. ఫోటో అందుకే గదా పెట్టమనేది?"

ఇంటికి వచ్చి రెండో ఫిర్యాదు రాశాను. నాలుగు పుటలు. జవాబు ఒకే వాక్యం: ఇదే విషయమై పూర్వం ఛాయాచిత్రముతో సహా పరిష్కరించబడినది.

డాబా మీదికి వెళ్లి తీగను చూశాను, ఫోనులోని ఫొటోను చూశాను, మళ్లీ తీగను చూశాను. రెండూ ఒకటి కావు. ఎందుకు కావో ఆలోచించవలసింది అప్పుడే. నేను ఆలోచించలేదు. మూడో ఫిర్యాదు రాశాను. కోపంలో ఉన్న మనిషికి రాయడం ఆలోచించడంలాగే ఉంటుంది.

మే నెల రెండో సోమవారం, పదకొండు గంటల నలభై నిమిషాలకు, పైన ఒక చప్పుడయింది. సిలిండరు పేలిందనుకున్నాను. ఫ్యాను ఆగిపోయింది. గల్లీలో అందరి ఇళ్లలోనూ ఫ్యాన్లు ఆగిపోయిన నిశ్శబ్దం ఒక్కసారిగా దిగింది. నేను ఆ పదహారు మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు.

బాలమణి గది గుమ్మంలో వెల్లకిలా పడి ఉంది. తడి చీరను దండెం మీద వేసే ముందు నీళ్లు పోయేలా విదిలించడం ఆమె అలవాటు, మనందరి అలవాటు. ఆ రోజు గాలి ఉంది. చీర కొంగు పిట్టగోడ దాటింది. కళ్లద్దాలు పగిలి మూలన పడి ఉన్నాయి. కుడిచేయి సంగతి ఇక్కడ వర్ణించను. ఊపిరి ఉంది. అది చాలు అనుకున్నాను.

ఆకుపచ్చ చీర సగం పిట్టగోడ మీద ఉంది. అంచు కాలిపోయింది.

పట్టణంలోని దవాఖానలో ఆమె ఇరవై ఆరు రోజులు ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తీసేశారు. మల్లయ్య చెట్లను తమ్ముడికి అప్పగించి వచ్చి మంచం పక్కన నేల మీద పడుకునేవాడు. నాతో మాట్లాడేవాడు, అన్నం తిన్నారా అని అడిగేవాడు. తీగ మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

పదిహేనో రోజున, ప్రమాదం మీద కర్ణాకర్ రాసిన విచారణ నివేదిక ప్రతి నా చేతికి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయి వాళ్లకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండే హక్కు నాకు లేదు.

"బాధితురాలి నిర్లక్ష్యము వలననే ప్రమాదము సంభవించినది. తీగ భవనమునకు సురక్షిత దూరములో ఉన్నదనుటకు ఫిర్యాదుదారు స్వయముగా జతపరచిన ఛాయాచిత్రమే రుజువు."

బాలమణి నా వైపు తల తిప్పింది. "నేను నిర్లక్ష్యం చేసిన్నా టీచరమ్మా? చీర ఇదిలిస్తె నిర్లక్ష్యమా?"

"కాదు."

"మరి గట్లెట్ల రాసిన్రు?"

అప్పుడు మల్లయ్య మాట్లాడాడు. నేల మీదినుంచి, నా ముఖం చూడకుండా, మెల్లగా అన్నాడు.

"నేను రెండు మూరలు గూడ లేదన్న. మీరు మూరలు నడవవన్నరు."

ఆ వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని కాగితానికి ఎంత వేస్తానో మొదట్లోనే చెప్పాను.

"ఏ ఫోటో అది?" అంది బాలమణి. "నా మీద సాక్ష్యం చెప్పిన ఫోటో? నాకు సూపియ్యిన్రి."

నేను ఫోను తీసి ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె చూపు మొదటినుంచీ దగ్గరి చూపు. సీసా అడుగంత మందమైన అద్దాలు వాడేది. అవి పగిలిపోయాయి, కొత్తవి ఇంకా రాలేదు. 

"కనవడ్తలేదు. ఇంక దగ్గర పెట్టున్రి."

జానెడు దూరంలో పెట్టాను.

"ఇంక."

ఆమె ముఖానికి నాలుగు వేళ్ల దూరానికి తెచ్చాను. బాలమణి తల ఒక్కసారిగా వెనక్కు పోయి మంచం ఇనుప కమ్మీకి కొట్టుకుంది.

"అమ్మో!"

"ఏమైంది?"

"వైరు. మొకం మీదికే వచ్చె గదా!"

మల్లయ్య లేచి నిలబడ్డాడు. నేను ఫోనును నా చేతిలోకి తీసుకుని చేయి చాపి చూశాను. వెంట్రుక. నా కంటికి ఆనించినంత దగ్గరగా తెచ్చి చూశాను. అంతా మసకబారింది, కానీ ఆ మసకలోనే పిట్టగోడ నా ఛాతీ ఎత్తుకు లేచింది, దండెం నుదురు దగ్గరికి వచ్చింది, దాని పైన నల్లని గీత ఒకటి ట్యాంకును వదిలేసి ఇవతలికి వచ్చి నిలబడింది.

అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుని నివేదిక వెనకవైపు లెక్క వేశాను. కటకాల పాఠం. ప్రతి సంవత్సరం నవంబరులో చెప్పేదాన్ని.

కన్ను దూరాన్ని చూడదు, కోణాన్ని చూస్తుంది. కిటికీ చువ్వలకు ముక్కు ఆనించి చూస్తే ఎంత లోకం కనబడుతుందో అంత లోకాన్నీ ఆ చిన్న బొత్తం పట్టుకుంటుంది. పట్టుకుని అరచేతంత తెర మీద పరుస్తుంది. ఆ తెరను రెండు వేళ్ల దూరంలో పెట్టుకుని చూస్తే ప్రతి వస్తువూ దాని సొంత కొలతకు వస్తుంది. కానీ మనం మూరెడు దూరంలో పట్టుకుంటాం. అప్పుడు ప్రతిదీ దాదాపు పన్నెండో వంతుకు కుంచించుకుపోతుంది. ట్యాంకు ఎలాగూ దూరందే కనుక దానికి కొత్తగా వచ్చే నష్టం లేదు. దగ్గరున్న సన్నని తీగ మాత్రం తన లావును పోగొట్టుకుని దూరపు వస్తువుల వరుసలో చేరిపోతుంది. దాన్ని అక్కడ చూసిన మనిషి అది అక్కడే ఉందనుకుంటాడు. కటకం అబద్ధం చెప్పలేదు. కన్ను ఎక్కడ పెట్టాలో చెప్పలేదు, అంతే. అది చెప్పవలసింది దాన్ని వాడిన మనిషి. అంటే నేను.

బొత్తం నొక్కకుండా మామూలుగా తీసినా ఇంత కాకపోయినా ఇదే జరిగేది. తీగ పక్కన నిలబడిన మల్లయ్య కంటికి మాత్రం ఏ బొత్తమూ లేదు.

"ఏం లెక్క టీచరమ్మా?" అన్నాడతను.

"ఆ ఇంజినీరు కంటిని రెండు వేళ్ల దూరానికి తేవాలి. తల వంచమంటే వంచడు. కాబట్టి ఫొటోను పెంచాలి. పన్నెండడుగుల వెడల్పు చేస్తే నాలుగున్నర అడుగుల దూరంలో నిలబడి చూడవచ్చు."

"పన్నెండడుగుల ఫోటో యాడ దొరుకుతది?"

సిద్దిపేటలో అడగవలసిన ప్రశ్న కాదు అది. ఏ నాయకుడి మేనల్లుడికి పుట్టినరోజు వచ్చినా పన్నెండడుగుల ముఖం కూడలిలో వేలాడే పట్టణం మనది.

ఫ్లెక్సీ దుకాణం చిరంజీవిది. నోట్లో వక్క, చెవి వెనక పెన్సిలు.

"పన్నెండు బై తొమ్మిదా? ఎవలి బర్త్‌డే మేడమ్?"

"ఎవరిదీ కాదు."

"మరి సంతాపమా? సంతాపానికి బ్లాక్ అండ్ వైట్ మంచిగుంటది."

"ఫొటో ఒక్కటే. అక్షరం వద్దు."

అతను కంప్యూటరు మీద ఫొటోను తెరిచి అటూ ఇటూ జరిపాడు. "ఇందుల మనిషే లేడు గదా. గోడ, చీర. లీడర్ ఏడున్నడు?"

"ఆ తీగే లీడర్."

"బోసిగుంటది మేడమ్. కింద శుభాకాంక్షలు తెలుపువారు అని ఒక నలుగురివి గుండ్రం గుండ్రం పెడ్దామా?"

"శుభాకాంక్షలు తెలిపినవాళ్లు ఆఫీసులో కూర్చున్నారు. ఉన్నది ఉన్నట్టు వేయి."

మరునాడు సాయంత్రం ఫ్లెక్సీని నేల మీద పరిచి చూపించాడు. రంగులు మెరుస్తున్నాయి. ఆకాశం సముద్రంలా ఉంది. పిట్టగోడ, దండెం, ఆకుపచ్చ చీర, ట్యాంకు. నేను ఒక చివరనుంచి మరో చివర వరకు నడిచాను. మళ్లీ నడిచాను.

"తీగ ఏది?"

"గలీజుగ కనవడ్తుండె మేడమ్, సాఫ్ చేసిన" అన్నాడు చిరంజీవి, మెప్పు కోసం ఎదురుచూస్తూ. "అందరివి చేస్తం. లీడర్ల తలకాయల మీదికెల్లి వైర్లు పోతె మంచిగుండదని. దానికి పైసలు తీసుకోను."

నాకు కోపం రావలసింది. రాలేదు. కార్యాలయంలో ఒకడు ఆ తీగను దూరం చేశాడు, ఇక్కడ ఒకడు మాయం చేశాడు, ఇద్దరూ తమ పనిని శ్రద్ధగానే చేశారు. వాళ్లకంటే ముందు నేను చేశాను.

"చిరంజీవీ, ఆ తీగకు తగిలి ఒక మనిషి రెండు వేళ్లు పోయాయి. దాన్ని తిరిగి పెట్టు."

అతను వక్క ఉమ్మివచ్చి, రెండో ఫ్లెక్సీ వేశాడు. ఈసారి నేను యంత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

విద్యుత్ కార్యాలయం గేటుకు ఎదురుగా ఒక చాయ్ హోటలు ఉంది. దాని పక్కగోడ పన్నెండడుగుల పైమాటే. హోటలు యజమాని ఎండ ఆగుతుందని సంతోషంగా ఒప్పుకున్నాడు. మల్లయ్య మోకు వేసి ఫ్లెక్సీని నేను చెప్పిన ఎత్తుకు లాగి కట్టాడు. దూరపు ఇళ్ల వరుస, నిలబడిన మనిషి కంటి ఎత్తుకు రావాలి. అది వచ్చే వరకు మూడుసార్లు విప్పించాను. నాలుగున్నర అడుగులు టేపుతో కొలిచి, నేల మీద సుద్దతో గీత గీసి, రెండు పాదాల గుర్తులు వేశాను. ఏమీ రాయలేదు.

తొమ్మిదింటికే జనం మొదలయ్యారు.

"ఏందిది, కొత్త ప్లాట్ల వెంచరా?"

"కాదురా, చీరల షాపు."

"గీ పాదాలేంది? మొక్కుడా?"

"నిలబడి చూడు" అన్నాడు మల్లయ్య.

నిలబడిన మొదటి మనిషి కూరగాయల గంప ఆమె. నిలబడి, తల ఎత్తి, గబుక్కున నెత్తి మీది గంపను రెండు చేతులతో పట్టుకుని కిందికి వంగింది. "నా గంపకు తాకుతుండె!" అంది. అందరూ నవ్వారు. నవ్విన ప్రతివాడూ వచ్చి నిలబడ్డాడు, నిలబడిన తర్వాత నవ్వు ఆపాడు.

పదకొండు గంటలకు కర్ణాకర్, హోటలు కుర్రాడు తెచ్చిచ్చిన చాయ్ గ్లాసుతో, ఆఫీసు గేటు బయటికి వచ్చాడు. రోడ్డు అవతలనుంచే గుర్తుపట్టాడు.

"మేడమ్, గిదేంది? పరువు తీస్తున్నరా?"

"మీ ఫైలులో ఉన్న ఫొటోనే సార్. ఒక్క అక్షరం కలపలేదు. ఒక్క గీత తీయలేదు. మీరు రుజువు అని రాసిందే."

"రాసిన. ఇప్పుడు గూడ అదే అంటున్న. గీడికెల్లి సాఫ్ కనవడ్తుంది, వైరు ట్యాంకు మీద ఉన్నది."

"అక్కడినుంచి అలాగే కనబడుతుంది. ఈ గీత దగ్గరికి రండి."

అతను జనాన్ని చూశాడు. జనం అతణ్ని చూశారు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే రోడ్డు దాటి, ఇదంతా చిన్నపిల్లల ఆటన్నట్టు చిన్నగా నవ్వుతూ, పాదాల గుర్తుల మీద పాదాలు పెట్టి తల ఎత్తాడు.

అతని ఎడమచేయి లేచింది. తక్కువ ఎత్తు గుమ్మంలోంచి దూరేటప్పుడు మనం తలకు అడ్డం పెట్టుకుంటామే, అలా. లేచి, నుదురు దగ్గర ఆగింది. చాయ్ కొంచెం చొక్కా మీద ఒలికింది.

మల్లయ్య జనాన్ని రెండడుగులు వెనక్కు జరిపాడు.

కర్ణాకర్ చేయి దించి, అక్కడే, ఆ గీత మీదే, చాయ్ పూర్తిగా తాగాడు. "ఆ చీర ఆమెదేనా?" అని అడిగాడు.

"అవును."

"రేపు పొద్దున వస్త" అన్నాడు.

ఏడింటికి వచ్చాడు. వెంట లైన్‌మన్ రాజమల్లయ్య, టేపు. పదహారు మెట్లు. తీగలో సరఫరా ఆపించి, ఆగిందని రెండుసార్లు ఫోనులో అడిగి నిర్ధారించుకుని, తీగలను భూమికి కలిపి, ఆ తర్వాతే రాజమల్లయ్య తీగ పక్కకు టేపు చాపాడు.

"రెండడుగుల నాలుగంగుళాలు సార్."

నిబంధన నాలుగడుగులు కోరుతుంది. మూర అంటే అడుగున్నర. రెండు మూరలు మూడడుగులు. మెట్ల తలుపు దగ్గర నిలబడిన మల్లయ్య ఈ లెక్కను పైకి వేయలేదు. వేయవలసిన అవసరం అతనికి ఎన్నడూ లేదు. నేను అతని దగ్గరికి వెళ్లి, "మల్లయ్యా, నీది సరి. నాది తప్పు" అన్నాను. అతను తల ఊపి, "పిట్టగోడ మీద చెయ్యి పెట్టకున్రి, ఎండకు కాలుతది" అన్నాడు.

ఆ అంకెతో నివేదిక మారింది. "నిర్లక్ష్యము" అన్న మాటను కర్ణాకర్ నా ఎదుటే ఒక్క గీతతో కొట్టేశాడు. కొట్టివేత పక్కన పొట్టి సంతకం లేదని నేను కాగితం వెనక్కు తోశాను. పెట్టాడు. ఆషాఢం రెండో వారంలో స్తంభం రోడ్డు అవతలికి పోయింది. బోనాల డప్పులు గల్లీలోకి వచ్చిన ఆదివారానికి డాబా పక్కన ఆకాశం తప్ప మరేమీ లేదు.

కానీ బాలమణి ఆ డాబా మీదికి మళ్లీ వెళ్లలేదు. తీగ పోయిందని చెప్పినా ఆమె కాళ్లు పదో మెట్టు దగ్గర ఆగిపోయేవి. ఒకరోజు ఆమె పీటనూ అప్పడాల కర్రనూ నేనే కిందికి మోసుకొచ్చి నా ముందుగదిలో పెట్టాను. నా పుస్తకాల బీరువాలు ఒక గోడకు జరిగాయి. పదకొండేళ్లుగా ఒక్క కంచం కడిగిన ఇంట్లో ఇప్పుడు రెండు కంచాలు, ఆదివారాలు మూడు. మూడు వేళ్లతో కర్ర నిలవడం లేదు కనుక పిండి కలపడం ఆమె వంతు, ఒత్తడం నా వంతు.

"గట్ల గాదు టీచరమ్మా. గిది అప్పడమా, ఇండియా మ్యాపా?"

"అంచు పగులుతోంది."

"పగులకుంట ఒత్తుడే గదా పని. ఇన్నేండ్లు పిల్లలకు ఏం చెప్పిన్రో ఏమో. తియ్యున్రి, మల్ల ఒత్తున్రి. దీనికి సున్న."

మళ్లీ ఒత్తుతున్నాను. పదిలో నాలుగు గుండ్రంగా వస్తున్నాయి.

కార్యాలయం నుంచి చివరి లేఖ శ్రావణంలో వచ్చింది. స్తంభం మార్చబడినదని ఉంది. మొదటిసారి దేనితో కొలిచి ఆ రెండు మాటలు రాశారన్న నా ప్రశ్న ఎదురుగా ఉన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆ గడి నిండే వరకు నేను రాస్తూనే ఉంటాను. నాకు ఓపిక ఉంది, కాగితం ఉంది, ఇప్పుడు ఇంట్లో సాక్షి కూడా ఉంది.

దీన్ని మీరు బహుశా ఒక ఫోను తెర మీదే చదువుతున్నారు. మూరెడు దూరంలో పట్టుకుని. దాన్ని కింద పెట్టండి. మీ ఇంటి పక్కనుంచి ఏ తీగ పోతోందో వెళ్లి మీ కళ్లతో చూడండి. కర్ర చాపకండి, టేపు చాపకండి, ఫొటో తీసి పంపి చేతులు దులుపుకోకండి. ఆ తీగకు బాధ్యుడైన మనిషిని పేరు పెట్టి పిలవండి. మెట్లెక్కించండి. సరఫరా ఆపించి, మీ ఎదుట కొలిపించి, ఆ అంకె కింద అతని సంతకం తీసుకోండి. ఈరోజే.